లెక్సింగ్టన్ పార్కరు వంశము: వంశచరిత్ర నేర్పు పాఠము



వంశచరిత్రలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మన సంఘీయుల వంశచరిత్రలను సేకరించి గ్రంథముగా వెలువరింప సంకల్పించిన తరుణమున ఈ కోరిక సముచితమే. కాని మన వంశములను గూర్చి మనమే చెప్పుకొన్నచో అది స్తోత్రపాఠమగునేమో యను శంక మాకు గలిగినది. పొరుగింటి దీపపు వెలుగున మన యింటి మూలలను జూచుకొనుట మేలని తలచి, అమెరికా దేశపు ఒక కర్షక కుటుంబము కథను మీకు విన్నవింతుము.

మసాచుసెట్సు రాష్ట్రమున బోస్టను నగరమునకు అనతిదూరమున లెక్సింగ్టన్ అను ఊరు గలదు. 1635వ సంవత్సరమున థామస్ పార్కరు అను నాతడు ఇంగ్లండునుండి ఓడనెక్కి ఆ సీమకు వచ్చి, మొదట లిన్ అను చోటను, పిదప రెడింగునందును కాపురముండెను. అతని కుమారుడు హనానియా. హనానియా కుమారుడు జాన్. ఈ జాన్ 1712లో రెడింగు విడిచి లెక్సింగ్టన్ చేరి సేద్యమారంభించెను. ఇతని కుమారుడు జొసయ్య. జొసయ్య కుమారుడే మన కథానాయకుడగు కెప్టెన్ జాన్ పార్కరు. ఇతడు 1729వ సంవత్సరము జూలై 13వ తేదీన జన్మించెను.

ఐదు తరముల పేర్లను ఇంత తడుముకొనక చెప్పగలుగుటకు హేతువేమి? ఆ దేశమున ప్రతి ఊరియందును జననములు, వివాహములు, మరణములు వ్రాయు పుస్తకముండెడిది. దేవాలయమున సభ్యుల పట్టికయు, కచ్చేరీయందు క్రయ దస్తావేజులును, గృహస్థుడు గతించినపుడు అతని సొత్తునకు విలువ గట్టి వ్రాసిన జాబితాలును నిలిచియున్నవి. రాజుల చరిత్ర శాసనములనెక్కుట లోకమెరిగినదే. సామాన్య కర్షకుని చరిత్ర ఇట్లు ఊరి లెక్కలలో నిలుచుట మనము గమనింపదగినది.

ఆ కాలమున వయసు వచ్చి దేహదార్ఢ్యము గల ప్రతి పురుషుడును తన యింట తుపాకి నుంచుకొని, ఊరి పటాలమున కవాతు చేయవలసియుండెను. దీనినే మిలీషియా యందురు. నాగలి పట్టిన చేయియే తుపాకి పట్టెడిది. నాయకుని గూడ పటాలమువారే ఎన్నుకొనిరి. పార్కరు పూర్వము ఫ్రెంచివారితో జరిగిన యుద్ధమున పనిచేసినవాడని ప్రతీతి. 1755లో లిడియా మూరును వివాహమాడి ఏడుగురు బిడ్డలకు తండ్రియయ్యెను. లెక్సింగ్టనువారు తమ కెప్టెనుగా నెన్నుకొన్న ఈతడు 1775 నాటికి క్షయరోగపీడితుడు.

ఆ సంవత్సరము ఏప్రిలు 19వ తేదీ సూర్యోదయవేళ, కాంకర్డునందలి ఆయుధములను నాశనము చేయుటకై బోస్టనునుండి బయలుదేరిన ఆంగ్ల సైన్యము లెక్సింగ్టన్ పచ్చికబయలు చేరెను. ఆ సైన్యము సుమారు ఏడు వందలు. ఎదుట నిలిచిన కర్షకులు సుమారు డెబ్బదియేడుగురు. తొలుత కాల్చినదెవరో నేటికిని తేలలేదు. క్షణములలో ఎనమండుగురు నేలకొరిగిరి, పదిమంది గాయపడిరి. కెప్టెనునకు జ్ఞాతియగు జోనాస్ పార్కరు గుండు తగిలి కూలియు, తుపాకి తిరిగి నింపుకొనుచుండగా, సైనికుని బాయినెట్టునకు బలియయ్యెను. ఆ అపరాహ్ణముననే పార్కరు మిగిలినవారిని గూడగట్టి, తిరిగిపోవు సైన్యమును త్రోవలో నెదుర్కొనెను. దానిని ‘పార్కరు ప్రతీకార’మందురు. ఆ తావున నేటి పురాతత్త్వవేత్తలు నేల శోధించి నాటి గుండ్లను వెలికిదీసిరి. అయిదు మాసములైన గడువకముందే, సెప్టెంబరు 17న, పార్కరు క్షయరోగముచే గతించెను. మరుసటి యేటి స్వాతంత్ర్యప్రకటనము నాతడు చూడలేదు.

ఇచట వంశచరిత్రకారునకు మొదటి పరీక్ష గలదు. దాడి జరిగిన ఆరు దినములకు, ఏప్రిలు 25న, పార్కరు ప్రమాణపూర్వకముగా ఒక వాఙ్మూలమిచ్చెను. సైన్యము మీదికి వచ్చుట జూచి, తనవారిని చెదరిపొమ్మనియు కాల్పవలదనియు తానాజ్ఞాపించితినని అందు చెప్పెను. కాని వారి కుటుంబమున వేరొక కథ గలదు. ‘నిలిచిన చోటనే నిలువుడు, వారు కాల్పనిదే కాల్పకుడు, యుద్ధమే వారి కోరికయైనచో అది ఇచటనే మొదలగుగాక’ యను భావము వచ్చునట్లు ఆతడు పలికెనని ఆ కథ. 1858లో, అనగా ఎనుబదిమూడేండ్ల పిమ్మట, అతని మనుమడు దీనిని చరిత్రకారుడగు జార్జి బాంక్రాఫ్టునకు వ్రాసెను. పచ్చికబయలున రాతిపై నెక్కినది ఈ కుటుంబకథయే గాని వాఙ్మూలము గాదు. అట్లని వాఙ్మూలమే సర్వసత్యమనలేము. ఆంగ్లేయులే తప్పు చేసిరని లోకమునకు చాటుటకై సేకరించిన సాక్ష్యములలో నదియు నొకటి. రెంటిని వ్రాయవలెను. ఏది ఎప్పుడు, ఎవరిచే, ఏల చెప్పబడినదో గూడ వ్రాయవలెను. మనకు రుచించినదానిని మాత్రము వ్రాసినచో అది చరిత్ర గాదు.

రెండవ పరీక్ష ఇంతకంటె కఠినమైనది. ఆ ఉదయమున పార్కరు పటాలమున గాయపడినవారిలో ప్రిన్స్ ఎస్టాబ్రూకు అను నీగ్రో యొకడు గలడు. ఆతడు బానిస. స్వాతంత్ర్యమునకై నిలిచినవారి నడుమ స్వాతంత్ర్యమే లేనివాడు నిలిచి రక్తము చిందించెను. ఆనాటి క్షతగాత్రుల పట్టికలో అతని పేరు గలదు. కాని అతని పేర లెక్సింగ్టనులో స్మారకశిల నిలుపుటకు 2008వ సంవత్సరము రావలసివచ్చెను. అనగా రెండు వందల ముప్పదిమూడేండ్లు!

ఈ ఋణమును తీర్చుటకు యత్నించినవాడు ఆ వంశముననే పుట్టెను. కెప్టెన్ పార్కరు కుమారుడు జాన్ ఆ భూమిని దున్నుకొని బ్రదికెను. ఆతని పదునొకండుగురు బిడ్డలలో కడపటివాడు థియొడోరు పార్కరు, 1810లో జన్మించెను. హార్వర్డు పరీక్షయం దుత్తీర్ణుడయ్యు, రుసుము చెల్లింపలేక ఇంటనే చదువుకొనిన పేద కర్షక బాలుడాతడు. పిదప మతాచార్యుడై బోస్టనున ప్రఖ్యాతుడయ్యెను. పారిపోయిన బానిసలను పట్టి యజమానులకప్పగింపవలెనని 1850లో చట్టము పుట్టగా, జార్జియానుండి తప్పించుకొని వచ్చిన విలియం, ఎలెన్ క్రాఫ్టు దంపతులకు ఆతడు అండయై నిలిచి, శాస్త్రోక్తముగా వివాహము జరిపించి, విలియము చేతికి బైబిలును ఖడ్గమును ఇచ్చెను. అతని గ్రంథాలయమున తాతగారి తుపాకియు, ఆంగ్ల సైనికునినుండి గైకొన్న మరియొక తుపాకియు వ్రేలాడుచుండెడివి. 1860లో ఆతడు గతించినపుడు మరణశాసనముచే వానిని రాష్ట్రమున కిచ్చెను. నేడవి బోస్టను శాసనసభా భవనమున నున్నవి. తాత తుపాకిని గోడకు దగిలించి మురియువారు లోకమున పెక్కుమంది. ఆ తుపాకి తనను ఏమి చేయుమనుచున్నదని ప్రశ్నించుకొనినవాడు ఈ మనుమడు.

వంశగౌరవము వేరొక త్రోవ ద్రొక్కుటయు ఆ దేశముననే గలదు. విప్లవయోధుల సంతతియగు స్త్రీలు 1890లో ‘అమెరికను విప్లవ పుత్రికలు’ అను సంఘము స్థాపించిరి. వంశవృక్షములను, ఊరి దస్తరములను భద్రపరచుటలో ఆ సంఘము చేసిన కృషి కొనియాడదగినది. కాని 1939లో, మేరియన్ ఆండర్సన్ అను మహాగాయని నీగ్రో స్త్రీయగుటచే, తమ సభాభవనమున పాడుటకు ఆ సంఘము సమ్మతింపలేదు. అధ్యక్షుని పత్నియగు ఎలినార్ రూజ్‌వెల్టు అందుకు నిరసనగా సభ్యత్వము వదలుకొనెను. ఆ ఏప్రిలు 9వ తేదీన గాయని లింకను స్మారకమందిరపు మెట్లపై వేలాది జనులకు పాడి వినిపించెను. ప్రిన్స్ ఎస్టాబ్రూకు రక్తము చిందిన యుద్ధము పేర వెలసిన సంఘము, అతని జాతి స్త్రీకి తలుపు మూసెను! పిదప ఆ సంఘము తన పద్ధతి మార్చుకొన్నమాటయు చెప్పవలయును.

సోదరులారా! కాళిదాస మహాకవి రఘువంశమును పందొమ్మిది సర్గములలో రచించెను. దిలీపునితో మొదలిడి, రఘువును, శ్రీరాముని కీర్తించి, తుదకు భోగలాలసుడై క్షయముచే నశించిన అగ్నివర్ణునితో ముగించెను. ఆ చివరి రాజును కవి దాచలేదు. దాచకపోవుటచేతనే ముందటివారి కీర్తి నమ్మదగినదైనది.

మా యింట మా ముత్తాతగారు చెరువు త్రవ్వించిరని తరతరములుగా చెప్పుకొందురు. మేమును గర్వముతో చెప్పితిమి. ఆ చెరువు మట్టిని తలపై మోసిన పాలేరుల పేర్లేమని అరువదేండ్లు దాటినపిదప గాని మేము ప్రశ్నించుకొనలేదు. అడుగుదమన్న చెప్పువారెవరును మిగులలేదు. మన గ్రంథమున ఆ ఖాళీ యుండరాదని మా విన్నపము.

కావున వంశచరిత్రలు వ్రాయువారు దస్తావేజును, తాతమ్మ మాటను విడివిడిగా వ్రాయుదురుగాక. కీర్తితోబాటు కొఱతను గూడ వ్రాయుదురుగాక. మన పొలము దున్నినవారిని, మన బిడ్డలనెత్తుకొనినవారిని, వారు ఏ కులమువారైనను, పేరుతో వ్రాయుదురుగాక. ముసలివారు బ్రదికియుండగనే, ఈ వేసవిలోనే, వారి వద్ద కూర్చుండి అడుగుడు.