వేడినీటి బుగ్గలు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



కరవుసీమలో కూర్చుండి ఆకాశమున కెగయు నీటిని గూర్చి మాటలాడుట వింతగా తోచవచ్చును. కాని బుగ్గ యను మాట మనకు క్రొత్తది కాదు. తాడిపత్రిలో పెన్న యొడ్డున బుగ్గ రామలింగేశ్వరుని చెంత నీరూరుట మీలో ననేకు లెరుగుదురు.

అమెరికాలోని యెల్లోస్టోన్ 1872లో ప్రపంచమున మొదటి జాతీయోద్యానమైనది. అచట చిమ్ముబుగ్గలు వందలకొలది కలవు. 'ఓల్డ్ ఫెయిత్‌ఫుల్' అను బుగ్గ సుమారు గంటన్నర కొకసారి 100 అడుగులకు మించి మరుగునీటిని చిమ్మును. యాత్రికులు కొయ్యబాట విడువరాదు; ప్రక్కన పెంకువంటి నేల విరిగిన, క్రింద సలసల కాగు నీరే.

దీనికి కారణమేమి? వాననీరు, మంచునీరు బండల నెరియలలో దిగి అగ్నిపర్వతపు వేడికి కాగును. పైనీటి బరువుచే అడుగునీరు మామూలుగా మరుగు వేడిని మించి కాగినను వెంటనే మరుగజాలదు. ఇరుకు దారిన కొంత పొంగి బరువు తగ్గగానే, అడుగునీ రొక్కసారిగా ఆవిరియై అంతయు పైకి నెట్టును.

మన వజ్రకరూరులో వజ్రములను పైకి తెచ్చిన రాతిగొట్టములును అగ్నిపర్వతపు పనియే. అవి ఏర్పడి సుమారు 110 కోట్ల యేండ్లైనది. ఆ వేడి యెన్నడో చల్లారినది. తెలుగునాట వేడినీటి బుగ్గ చూడవలెనన్న గోదావరి లోయలో మణుగూరు వైపు పోవలెను.

యెల్లోస్టోన్‌లో 'మార్నింగ్ గ్లోరీ' యను నీలి మడుగు కలదు. చూడవచ్చినవారు ఏండ్ల తరబడి నాణెములు, చెత్త విసరిరి. నీటిదారి పూడి, మడుగు చల్లబడి, అంచులు పసుపువన్నెకు తిరిగినవి. మన చెరువులకు నీరు తెచ్చు వంకల సంగతియు నిట్టిదే గదా! కంపచెట్లు మొలచిన కాలువను దాటుకొని నీరు చెరువు చేరునా? మనకు ఏటి వాన 550 మిల్లీమీటర్లకు అటునిటు. బోరు లోతు పెంచినంత మాత్రమున క్రొత్త నీరు పుట్టదు. ఎన్నడో ఇంకిన నీటినే తోడుకొందుము.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ మరల నెప్పుడు చిమ్మునో అచటివారు ముందుగా చెప్పగలరు. ప్రతి పర్యాయము ఎంతసేపు చిమ్మినదో వ్రాసి పెట్టుకొనుటయే దాని రహస్యము. నా మనవియు నదియే. పుస్తకముల లెక్క వ్రాయు ఈ గ్రంథాలయమందే మరియొక పుస్తకము తెరువుడు. ఏనాడు ఎంత వాన కురిసినది, ఏ బావిలో నీరెంత లోతున నున్నది, నెలనెల వ్రాయుడు. వేసవి ముగియకముందే వంకలు బాగుచేయుడు. పంట వేయుటకు ముందు ఆ లెక్క చూచుకొన్న రైతు, లేని నీటిని నమ్మి అప్పులపాలు కాకుండును.