పియోరియా గుట్ట మీది దుకాణం

పోయిన సమావేశంలో కథలో క్లుప్తత గురించి మంచి చర్చ జరిగింది. అది వింటున్నంతసేపూ నాకు ఒక అమెరికన్ పాటగాడే గుర్తొచ్చాడు. ఈసారి ఆయన గురించి మాట్లాడతానని నేనే అడిగి మరీ వచ్చాను. సాహిత్య సమావేశంలో సాఫ్ట్ రాక్ ఏమిటని ఎవరికైనా అనిపిస్తే కాస్త ఓపిక పట్టండి. ఈయన పాటల్ని నేను కథలుగానే వింటాను.

ఆయన పేరు డాన్ ఫోగెల్‌బర్గ్. 1951లో ఇల్లినాయ్ రాష్ట్రం పియోరియాలో పుట్టారు. 2007 డిసెంబరు 16న మెయిన్ రాష్ట్రంలో, డీర్ ఐల్‌లో కన్నుమూశారు. అప్పటికి 56 ఏళ్లు. పియోరియా అనగానే ఇక్కడున్నవాళ్లలో కొంతమంది తలలూపడం కనిపిస్తోంది. క్యాటర్‌పిల్లర్ కంపెనీ పుణ్యమా అని మనవాళ్లు చాలామంది ఆ ఊళ్లో కాపురాలు పెట్టారు కదా. నేను కూడా అక్కడికి ప్రాజెక్టు మీదే వెళ్లాను. ఫోగెల్‌బర్గ్ పేరు మొదట విన్నది ఆఫీసులోనే. మా టీములో ఒక పెద్దాయన ఉండేవారు, పక్కా పియోరియా మనిషి. డిసెంబరు వచ్చిందంటే చాలు, "మా ఊరి పాట విన్నావా?" అని కొత్తగా చేరిన ప్రతివాళ్లనీ అడిగేవారు.

ఆ ఊరి పాట పేరు 'సేమ్ ఓల్డ్ లాంగ్ సైన్'. 1980 చివర్లో వచ్చింది. బిల్‌బోర్డ్ పట్టికలో 9వ స్థానం దాకా వెళ్లింది. క్రిస్మస్ పాటగా రాసింది కాకపోయినా నలభై ఏళ్లు దాటినా ప్రతి డిసెంబరులోనూ రేడియోల్లో వస్తూనే ఉంది.

కథ చెబుతాను. క్రిస్మస్ ముందురోజు రాత్రి. మంచు కురుస్తోంది. ఒక కుర్రాడు సరుకుల కొట్టుకి వెళతాడు. అక్కడ ఒకప్పుడు తను ప్రేమించిన అమ్మాయి కనబడుతుంది. ఆమె వెంటనే గుర్తుపట్టదు. గుర్తుపట్టాక కంగారులో చేతిసంచి జారిపోయి అన్నీ కిందపడతాయి. ఇద్దరూ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వుకుంటారు. ఎక్కడన్నా కూర్చుని తాగుదామంటే బార్లన్నీ మూసేశారు. బీరు కొనుక్కుని ఆమె కారులోనే కూర్చుంటారు. ఆమెకి పెళ్లయింది, భర్త ఆర్కిటెక్టు, ఏ లోటూ లేకుండా చూసుకుంటాడు. ప్రేమ ఉందా అంటే, ఉందని చెప్పాలనుకుంటుంది గాని అబద్ధం ఆడటం ఆమెకి ఇష్టం లేదు. అతను తన పాటల గురించి, ఊళ్లు తిరగడంలోని నరకం గురించి చెబుతాడు. బీరు అయిపోతుంది, మాటలూ అయిపోతాయి. ఆమె ఒక ముద్దు పెట్టి వెళ్లిపోతుంది. అతను ఇంటిదారి పడతాడు. మంచు కాస్తా వానగా మారుతుంది.

అంతే కథ. వాళ్లు కలిసిపోరు. ఉత్తరాలు రాసుకుంటామని మాటలు ఇచ్చుకోరు. ఫలానా తప్పు చేశామని కుమిలిపోరు. మన సినిమాలో అయితే ఆ కారు కనీసం పది కిలోమీటర్లు వెళ్లాక వెనక్కి తిరిగేది. ఇక్కడ తిరగదు. పాటలో పల్లవి లాంటి భాగం రెండోసారి వచ్చేటప్పుడు మాట మారి వస్తుంది. ఆ మార్పులోనే ఇద్దరి మధ్యా గడిచిన ఏళ్లన్నీ వినబడతాయి. చివర్లో మాటలు ఆగిపోయి, మైకెల్ బ్రెకర్ సాక్సొఫోన్ మీద కొత్త సంవత్సరానికి అందరూ పాడుకునే పాట వరస ఎత్తుకుంటాడు. కథకుడు చెప్పకుండా మిగిల్చింది ఆ వాయిద్యం చెబుతుంది. కథలు రాసేవాళ్లు ఈ ముగింపుని ఒకటికి నాలుగుసార్లు వినాలని నా మనవి.

ఇది కల్పన కాదు. 1975 ప్రాంతంలో, క్రిస్మస్‌కి పియోరియాలో తల్లిదండ్రుల ఇంటికి వచ్చినప్పుడు నిజంగానే జరిగిందని ఫోగెల్‌బర్గే చెప్పారు. ఆమె ఎవరో మాత్రం చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు. కారులో ఆఫీసుకి వెళుతూ రేడియోలో తన కథ తానే విన్న మనిషి ఇరవై ఏడేళ్లు నోరు విప్పకుండా ఉండిపోయింది. ఆయన సంసారంలో తన మూలంగా ఇబ్బంది రాకూడదని. 2007లో ఆయన పోయాకే పియోరియా పత్రికకి చెప్పింది. ఆ రాత్రి ఆయన వచ్చింది క్రీము కోసం, తను వచ్చింది ఎగ్‌నాగ్ కోసం. ఇద్దర్నీ ఎవరి ఇంటివాళ్లు వాళ్లే పంపారు. తెరిచి ఉన్న కొట్టు అదొక్కటే. పాటలో తన కళ్లు నీలం అన్నారు గాని అవి ఆకుపచ్చ, తన భర్త ఆర్కిటెక్టు కాదు, బడిలో వ్యాయామం నేర్పే టీచరు. ఈ రెండూ తప్పితే మిగతాదంతా జరిగినట్టే ఉందని చెప్పింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. ఎందుకంటే నేను చెప్పదలుచుకున్న విషయం ఇదే. ఆ వార్త వచ్చినప్పుడు ఆయన అభిమానులు ఆమె ఎవరో తెలిసిందని సంబరపడలేదు. పాట నిజమైందని సంబరపడ్డారు. పాతికేళ్లుగా తాము నమ్మిన మనిషి తమకి అబద్ధం చెప్పలేదని తేలినందుకు. ఫోగెల్‌బర్గ్ మీద ఇన్నేళ్లుగా చెదరకుండా నిలిచిన ప్రేమకి మూలం ఆ నమ్మకమేనని నా అభిప్రాయం. గొంతు తియ్యగా ఉంటుంది, నిజమే. గిటారు అద్భుతంగా వాయిస్తారు. కొన్ని ఆల్బముల్లో చాలా వాయిద్యాలు ఒక్కరే వాయించారు. 'క్యాప్చర్డ్ ఏంజెల్' అట్ట మీది బొమ్మ కూడా ఆయన గీసుకున్నదే. కానీ గొంతు తియ్యగా ఉన్నవాళ్లు 1970లలో చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎంతమంది కోసం జనం ఇవాళ ఒక కిరాణా కొట్టు వెతుక్కుంటూ వెళుతున్నారు?

వెళుతున్నారు, నేను చూశాను. ఆ కొట్టు పియోరియాలో ఒక చిన్న గుట్ట మీద ఉంది. ఆయన చదువుకున్న వుడ్‌రఫ్ హైస్కూలు ఆ దగ్గర్లోనే. పక్కనున్న అబింగ్టన్ వీధికి 2008లో ఫోగెల్‌బర్గ్ పార్క్‌వే అని పేరు మార్చారు. ఒక డిసెంబరు సాయంత్రం పాల కోసం అక్కడ ఆగాను. అరవై దాటిన భార్యాభర్తలు, బయట కారుకి వేరే రాష్ట్రం నంబరు ప్లేటు. ఆవిడ బీరు పెట్టెల అద్దాల తలుపు ముందు నిలబడింది. ఆయన కౌంటరు దగ్గరికొచ్చి, "అప్పుడు కూడా ఇవి ఇక్కడే ఉండేవా?" అని అడిగాడు. కౌంటరులో ఉన్న అమ్మాయి ఆ పాట వచ్చేనాటికి పుట్టనే లేదు. అయినా ఎందుకని అడగలేదు. ఫొటో తీసి పెట్టమంటారా అంది. ఆ దంపతులు ఆరు బీర్లు కొనుక్కుని వెళ్లి కారులో కూర్చున్నారు. మూత తీయలేదు. ఊరికే కూర్చున్నారు. ఫోగెల్‌బర్గ్‌కి సమాధి లేదు, అస్థికలు మెయిన్ తీరంలో సముద్రంలో కలిపారు. కాబట్టి తల్చుకోవాలనుకున్నవాళ్లు ఇక్కడికే వస్తారు. లేదంటే నది ఒడ్డున పార్కులో 2010లో పెట్టిన స్మారకం దగ్గరికి వెళతారు. అక్కడ ఆయన మాటలు రాళ్ల మీద చెక్కి ఉంటాయి.

ఇప్పుడు రెండో పాటకి వస్తాను. 'లీడర్ ఆఫ్ ద బ్యాండ్'. ఆయన తండ్రి లారెన్స్ ఫోగెల్‌బర్గ్ బ్యాండు మాస్టారు. హైస్కూల్లో, తర్వాత బ్రాడ్లీ విశ్వవిద్యాలయంలో పిల్లలకి బ్యాండు నేర్పారు. తల్లి పియానో వాయించేవారు. కొడుకు మాత్రం తాతయ్య ఇచ్చిన హవాయియన్ గిటారు పట్టుకుని, పుస్తకం ముందు పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాడు. బీటిల్స్ పాటలు పాడాడు, షాంపేన్ ఊళ్లో కాలేజీ చదువు మధ్యలో వదిలేశాడు, సాటి విద్యార్థి అర్వింగ్ అజోఫ్ మేనేజరుగా లాస్ ఏంజెలెస్ బయల్దేరాడు. ఇంట్లో ఎంత గొడవ జరిగి ఉండాలో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పాటలో ఆ గొడవ ఊసే లేదు. వడ్రంగి పని చేసే తాత, ముగ్గురు అన్నదమ్ములు, ఒక్కొక్కరిదీ ఒక్కో దారి, నేర్పినవాటికి కృతజ్ఞతలు. దారి వెతుక్కోవాల్సి వచ్చినప్పుడు తండ్రి ఇచ్చిన స్వేచ్ఛకి కూడా కృతజ్ఞత. తను తండ్రికి ఒక బలహీనమైన నకలు మాత్రమేనని ఒప్పుకోవడం. ఆల్బములో ఈ పాట ముగిశాక సూసా స్వరపరిచిన మార్చ్ ఒకటి వినిపిస్తుంది, బ్యాండు వాళ్లు బజాయించేది.

ఈ పాట 1981లో 'ది ఇన్నొసెంట్ ఏజ్' అనే రెండు రికార్డుల ఆల్బములో వచ్చింది. లారెన్స్ గారు పోయింది 1982లో. అంటే విన్నారు.

నాకో మిత్రుడున్నాడు, బ్లూమింగ్టన్‌లో ఉంటాడు. వాళ్ల నాన్నగారు గుంటూరు జిల్లాలో హైస్కూలు డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యారు. ఆగస్టు పదిహేనుకి పిల్లల చేత బ్యాండు వాయించింది ఆయనే. మావాడు ఒక ఆదివారం ఫోను చేసి, పాట వినిపించి, అర్థం తెలుగులో చెప్పాడట. పెద్దాయన మాట్లాడకుండా అంతా విన్నారు. విని, "ఆ నాన్న బతికుండగానే విన్నాడంట్రా?" అని అడిగారట. "విన్నాడు నాన్నా" అన్నాడు మావాడు. "అయితే బాగుంది" అని ఫోను వాళ్లమ్మకి ఇచ్చేశారు. ఈ పాట మీద అంతకన్నా గట్టి సమీక్ష నేను చదవలేదు.

విమర్శకులు ఫోగెల్‌బర్గ్‌ని ఎప్పుడూ పెద్దగా ఆదరించలేదు. మరీ మెత్తన, మరీ సెంటిమెంటు అన్నారు. ఆయన పాటలన్నీ ఒక్క ఎత్తున ఉన్నాయని నేనూ అనను. అన్నిటికన్నా పైకెళ్లింది 'లాంగర్', 1980లో రెండో స్థానం. పెళ్లిళ్లలో ఇప్పటికీ పాడతారు. వినడానికి హాయిగా ఉంటుంది గాని అందులో ఉపమానాలే ఉన్నాయి, మనుషులు లేరు. కానీ ఉద్వేగం ఉన్న ప్రతి పాటనీ ఒకే గాటన కట్టేయడం అన్యాయం. తండ్రికి కృతజ్ఞత చెప్పుకోవడం సెంటిమెంటు అయితే, ఆ సెంటిమెంటు లేని సాహిత్యం నాకు అక్కర్లేదు.

మన దగ్గర పాటగాడితో శ్రోతకి ఇలాంటి అనుబంధం ఎందుకు అరుదో కూడా ఆలోచించాను. మనకి వాగ్గేయకారులు కొత్త కాదు. అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య, అందరూ రాసి పాడినవాళ్లే. నిన్నమొన్నటి బాలాంత్రపు రజనీకాంతరావు గారు తనే రాసి, తనే వరస కట్టి, తనే పాడారు. ఆపైన 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' కూడా రాశారు. కానీ మన తరం పెరిగింది సినిమా పాటలో. అక్కడ మాట ఒకరిది, బాణీ ఒకరిది, గొంతు ఒకరిది, తెర మీద ముఖం ఇంకొకరిది. ఆ నలుగురి పనితనమూ మనకి ప్రాణమే. అయితే ఆ పాటలో బాధ ఎవరిదంటే, పాత్రది. ఫోగెల్‌బర్గ్ పాటలో బాధ పాడుతున్న మనిషిదే. జవాబుదారీ కూడా ఆయనే.

2004లో ఆయనకి ప్రోస్టేట్ క్యాన్సర్ అని తెలిసింది, అప్పటికే బాగా ముదిరింది. అప్పుడాయన అభిమానులకి ఒక లేఖ రాశారు. మగవాళ్లందరూ పరీక్ష చేయించుకోండి, రక్తపరీక్షకి బద్ధకించకండి, మీ కుటుంబాల్ని ఈ బాధ పడనివ్వకండి అని. అలంకారాల్లేవు, పాటల్లో ఎలా మాట్లాడతారో అలాగే. ఆ లేఖ చదివి పరీక్షకి వెళ్లినవాళ్లు నాకు తెలుసు. ఇక్కడ యాభై దాటిన అన్నయ్యలు, బాబాయిలు చాలామంది ఉన్నారు. మనలో ఎంతమందిమి ఈ సంగతి డాక్టరు ముందు ఎత్తుతాం? ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు దయచేసి అడగండి. పీఎస్ఏ అనే ఆ రక్తపరీక్ష మీకు అవసరమా కాదా డాక్టరే చెబుతారు.

జబ్బులో ఉండగానే, 2005 ప్రేమికుల రోజుకి భార్య జీన్‌కి ఒక పాట రాసి ఇచ్చారు, 'సమ్‌టైమ్స్ ఎ సాంగ్' అని. ఆయన పోయిన రెండు నెలలకి, 2008 ఫిబ్రవరి 14న ఆవిడ దాన్ని బయటికి తెచ్చారు. వచ్చిన డబ్బు ప్రోస్టేట్ క్యాన్సర్ ఫౌండేషన్‌కి ఇచ్చారు. తనకి ఒక్కదానికే ఇచ్చిన కానుకని అంతమందికి పంచడం చిన్న విషయం కాదు. అభిమానులు ఆవిణ్ణి ఇంటి మనిషిలా చూసుకుంటారు. మిగిలిన పాటలు 2009లో 'లవ్ ఇన్ టైమ్' పేరుతో వచ్చాయి. 2017లో ఆయన పాటలతో నాష్‌విల్‌లో 'పార్ట్ ఆఫ్ ద ప్లాన్' అనే సంగీత నాటకం కూడా వేశారు.

కొత్తగా వినేవాళ్లు ఎక్కణ్ణించి మొదలుపెట్టాలని ఇందాక చాట్‌లో ఎవరో అడిగారు. 'ది ఇన్నొసెంట్ ఏజ్' ముందు వినండి. అందులోంచే నాలుగు పాటలు మొదటి ఇరవైలోకి వెళ్లాయి. తర్వాత 1974 నాటి 'సువెనీర్స్', జో వాల్ష్ నిర్మాత. ఆ తర్వాత టిమ్ వైస్‌బర్గ్ వేణువుతో చేసిన 'ట్విన్ సన్స్ ఆఫ్ డిఫరెంట్ మదర్స్', మన లలిత సంగీతం ఇష్టపడేవాళ్లకి అది తప్పక నచ్చుతుంది. పాటల మాటలు ముందే చదవకండి, వింటూ ఉండగా కథ దానంతట అదే విచ్చుకోవాలి. ఈ డిసెంబరులో ఎవరైనా పియోరియా వైపు వస్తే నాకు కబురు చెయ్యండి, ఆ కొట్టు దాకా నేనే తీసుకెళతాను. ఇక ప్రశ్నలుంటే అడగండి.