వాట్సన్ చేతిలో కలం



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారి పాండిత్యం గురించీ, శిష్యుల మీద ఆయనకున్న వాత్సల్యం గురించీ నాకంటే ముందు ఈ వేదిక మీద మాట్లాడినవారు చెప్పారు. దానికి నేను కలపగలిగింది లేదు. నాకు బాగా గుర్తున్నది ఆయన పుస్తకం అరువిచ్చే పద్ధతి. డిటెక్టివ్ కథల పుస్తకమైతే న్యూస్‌పేపర్ అట్ట వేసి, చిక్కు విడిపోయే చోట పేజీలన్నీ కలిపి గుండుసూది గుచ్చి ఇచ్చేవారు. అక్కడిదాకా చదివి, నేరస్థుడెవరో, అలా ఎందుకనుకుంటున్నామో కాగితం మీద రాసి చూపిస్తే అప్పుడు తానే సూది తీసేవారు. ఈ పద్ధతి నా చదువునంతా మార్చింది. ఆయనకు నా నమస్సులు.

అయితే మాస్టారికీ నాకూ ఒక మాట మీద చివరిదాకా పొసగలేదు. హోమ్స్ కథల్లో అసలు సరుకు చిక్కూ, దాన్ని విప్పే తర్కమూనని, కథ చెప్పే వాట్సన్ గింజ మీది పొట్టులాంటివాడని ఆయన నమ్మకం. ఆయన ఒక్కరిదే కాదు, ఇంగ్లీషు శాఖల్లో ఈ మాట నేను చాలాకాలంగా వింటున్నాను. 2010 జులైలో బీబీసీ ‘షెర్లాక్’ ధారావాహిక మొదలైన తర్వాత ఈ వాదానికి రుజువు దొరికిందన్నారు. కథకుణ్ని తీసేశారు, కాలం మార్చేశారు, అయినా హోమ్స్ హోమ్స్‌లాగే ఉన్నాడు కదా అన్నారు. ఈ ఉపన్యాసం చెయ్యమని పిలుపు రాగానే ఒప్పుకున్నది ఈ మాటకు వివరంగా జవాబు చెప్పే వీలు దొరికిందనే.

తెలిసిన సంగతులు త్వరగా దాటేస్తాను. ఆర్థర్ కానన్ డాయిల్ 1887 నుంచి 1927 దాకా రాసిన హోమ్స్ కథలు అరవై: నాలుగు నవలలు, యాభై ఆరు కథలు. స్టీవెన్ మొఫాట్, మార్క్ గేటిస్ కలిసి రూపొందించిన ‘షెర్లాక్’ 2010 నుంచి 2017 దాకా పదమూడు భాగాలుగా వచ్చింది. బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ హోమ్స్, మార్టిన్ ఫ్రీమన్ వాట్సన్. గుర్రపు బగ్గీ టాక్సీ అయింది, టెలిగ్రాం ఎస్సెమ్మెస్ అయింది, పైపు పొగాకు నికోటిన్ పట్టీ అయింది. 1880లో మైవాండ్ యుద్ధంలో గాయపడి వచ్చిన సైనిక వైద్యుడు మళ్ళీ అఫ్ఘానిస్తాన్ నుంచే గాయంతో తిరిగొచ్చాడు. ఇలాంటి పోలికల జాబితాలు బోలెడు వెలువడ్డాయి. వాటితో నాకు పేచీ లేదు. ఆ మార్పుల్లో చాలావాటిని ఎంతో తెలివిగా చేశారు.

నా పేచీ అంతా ఒక గడియారం గురించి.

1890లో వచ్చిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ మొదటి అధ్యాయంలో వాట్సన్ తనకు ఈమధ్యనే సంక్రమించిన జేబుగడియారాన్ని హోమ్స్ చేతికిస్తాడు. హోమ్స్ గొప్పల్ని పరీక్షిద్దామని, కాస్త పొగరు దించుదామని అతని ఉద్దేశం. హోమ్స్ దాన్ని అరచేతిలో తూచి చూస్తాడు, ముందు ఉత్త కళ్ళతో, తర్వాత భూతద్దంతో పరిశీలిస్తాడు. ఈమధ్యే శుభ్రం చేయించారు, నాకు పనికొచ్చే ఆనవాళ్ళు పోయాయని సణుగుతాడు. ఇదేదో చేతకానివాడు చెప్పే సాకులా ఉందే అని వాట్సన్ మనసులో అనుకుంటాడు, చదివే మనమూ అనుకుంటాం. అప్పుడు హోమ్స్ మొదలుపెడతాడు. ఇది మీ అన్నగారిది, ఆయనకు మీ నాన్నగారి నుంచి వచ్చింది. మనిషి అజాగ్రత్తపరుడు. మంచి అవకాశాలతో బతుకు మొదలుపెట్టి వాటిని పోగొట్టుకున్నాడు, కొన్నాళ్ళు పేదరికంలో, మధ్యమధ్య కాస్త కలిసొచ్చిన రోజులతో గడిపి, చివరికి తాగుడులో పడి చనిపోయాడు.

వాట్సన్ కుర్చీలోంచి దిగ్గున లేచి గదిలో కుంటుతూ పచార్లు చేస్తాడు. తన అన్న సంగతులు ముందే ఆరా తీసి, ఇప్పుడు గారడీలాగా చూపిస్తున్నాడని హోమ్స్‌ను నిందిస్తాడు. హోమ్స్ క్షమాపణ చెబుతాడు. దీన్ని ఒక లెక్కలాగా చూశానే తప్ప నీకు ఎంత దగ్గరిదో, ఎంత బాధపెడుతుందో మరిచిపోయానంటాడు. నీకొక అన్న ఉన్నాడని కూడా ఈ గడియారం చేతికొచ్చేదాకా నాకు తెలియదంటాడు. కారణాలు ఆ తర్వాతే వస్తాయి. నాణేలూ తాళంచెవులూ ఉన్న జేబులోనే వేసుకోవడంతో పైన గీతలు పడ్డాయి. తాళం తిప్పే కన్నం చుట్టూ, వణికే చెయ్యి రాత్రిపూట జారిన గుర్తులు. లోపలి మూత మీద, తాకట్టు కొట్లవాళ్ళు సూదిమొనతో గీకే చీటీ నంబర్లు నాలుగు.

ఈ నాలుగు నంబర్ల దగ్గర ఆగాలి. తాకట్టు పెట్టాడంటే చేతిలో డబ్బు లేదు. నాలుగుసార్లు పెట్టాడంటే మధ్యలో విడిపించుకున్నాడు, అంటే నడుమ డబ్బు చూశాడు. మళ్ళీ పోయింది. తండ్రి వస్తువును వదులుకోలేక వెళ్ళి తెచ్చుకున్నాడు, మళ్ళీ తీసుకెళ్ళి ఇచ్చాడు. డాయిల్ ఒక్క వాక్యం కూడా ఆ అన్న మీద జాలితో రాయలేదు. లెక్కలోంచే ఒక జీవితం పైకొస్తుంది. ఆ జీవితం ఎవరికి సొంతమో అతనే మనకు కథ చెబుతున్నాడు.

ఇప్పుడు తెర మీది రూపం చూద్దాం. ‘ఎ స్టడీ ఇన్ పింక్’లో గడియారం బదులు సెల్‌ఫోన్. వెనక హ్యారీ వాట్సన్‌కు క్లారా ఇచ్చినట్టు చెక్కి ఉంది. తాళంచెవుల, నాణేల గీతలు అలాగే ఉంచారు. తాళం కన్నం గీతలు ఛార్జింగ్ పెట్టే రంధ్రం చుట్టూ గీతలయ్యాయి. చాలా చక్కటి మార్పు. కానీ తాకట్టు నంబర్లు పోయాయి. వాటి స్థానంలో విడిపోయిన కాపురం వచ్చింది. అన్న బతికే ఉన్నాడు. చివరికి అన్న కూడా కాదు, హ్యారీ అంటే హ్యారియట్, సోదరి. ఇవన్నీ టాక్సీలో హోమ్స్ ఒక్క ఊపులో చెప్పేస్తాడు. వాట్సన్ అద్భుతమంటాడు. మామూలుగా జనం నన్ను ఇలా అనరని హోమ్స్ మెచ్చుకోలుగా చూస్తాడు.

గాయపడిన మనిషి పోయాడు, చప్పట్లు కొట్టే మనిషి మిగిలాడు. హోమ్స్ చెప్పాల్సిన క్షమాపణా పోయింది. హోమ్స్ పద్ధతికి ఒక వెల ఉందని, ఆ వెల ఎదుటివాడు చెల్లిస్తాడని డాయిల్ రెండో నవల మొదట్లోనే చూపించాడు. వాట్సన్ చేతిలో కలం ఉండబట్టే ఆ వెల మనకు తెలిసింది.

దీనికి వచ్చే సమాధానాలు నేను చాలాసార్లు విన్నాను. మొదటిది, బుల్లితెరకు కథకుడు పనికిరాడు, మాధ్యమమే ఒప్పుకోదని. గ్రనాడా సంస్థ 1984 నుంచి 1994 దాకా తీసిన ధారావాహికలో జెరెమీ బ్రెట్ హోమ్స్. వాట్సన్‌గా మొదట డేవిడ్ బర్క్, తర్వాత ఎడ్వర్డ్ హార్డ్‌విక్. అందులో హోమ్స్ నేల మీద బోర్లా పడి భూతద్దం పట్టుకుని వెతుకుతుంటే కెమెరా వాట్సన్ పక్కన నిలబడి చూస్తుంది. ఏం దొరికిందో మనకు చెప్పదు. కథకుడి గొంతు లేకపోయినా కథకుడి చోటు అక్కడ ఉంది. కాబట్టి మాధ్యమం మీద నెపం వెయ్యడానికి వీల్లేదు.

రెండోది బలమైన వాదం. ‘షెర్లాక్’లో హోమ్స్ చూసేవన్నీ మాటలుగా తెర మీద తేలతాయి. గులాబీరంగు దుస్తుల్లో చనిపోయి పడున్న స్త్రీ ఉంగరం మీద, శుభ్రంగా ఉంది, మురికిగా ఉంది అని అక్షరాలు కనిపిస్తాయి. పుస్తకంలో వాట్సన్ దాచిపెట్టినదాన్ని ఇది ప్రేక్షకుడికి ఇస్తోంది, ఇదే ఎక్కువ న్యాయం కదా అంటారు. దీనికి డిటెక్టివ్ నవలల రచయిత్రి డొరొతీ సేయర్స్‌ను తోడు తెచ్చుకుంటారు. ఆమె 1928లో తాను కూర్చిన కథాసంకలనానికి రాసిన పీఠికలో, బెంట్లీ రాసిన ‘ట్రెంట్స్ లాస్ట్ కేస్’ నుంచి ఒక భాగం తీసుకుని, చూపు ఎలా జరుగుతుందో విడమర్చింది. ఒకచోట మనం డిటెక్టివ్‌ను బయటినుంచి చూస్తాం. ఇంకోచోట అతను చూసేదే మనమూ చూస్తాం, దాన్నుంచి అతను ఏం గ్రహించాడో తెలియదు. మరోచోట అతని మనసులోకే వెళ్తాం. రచయిత ఈ మూడింటి మధ్యా తిరుగుతాడు, కెమెరా కూడా తిరుగుతోంది, తేడా ఏముందని వీళ్ళ ప్రశ్న.

సేయర్స్ పీఠికను మళ్ళీ చదవమని నా మనవి. ఆ మూడింటిలో ప్రాణం నడిమిదానిలో ఉంది. వస్తువు మన కళ్ళెదుట ఉంటుంది, అర్థం ఉండదు. ఆ ఎడంలోనే పాఠకుడి బుద్ధి పనిచేస్తుంది. తేలే అక్షరాలు సరిగ్గా ఆ ఎడాన్నే పూడ్చేస్తున్నాయి. ఉంగరం వస్తువు. మురికి అన్న మాట ఆ వస్తువు గురించి మరొకరు చేసేసిన నిర్ణయం. ప్రేక్షకుడికి ఆనవాలు ఇచ్చామంటున్నారు గానీ, ఇచ్చింది ఆనవాలు మీద అంటించిన చీటీని. ఆ చీటీలు తెరమీద నిలిచేది కూడా రెండు క్షణాలే. మనం హోమ్స్ మెదడులో కూర్చున్నామన్న భ్రమ కలుగుతుంది, అతనితో పాటు ఆలోచించే వ్యవధి మాత్రం దొరకదు.

మూడోది, డాయిల్ తానే వాట్సన్‌ను వదిలేశాడు కదా అన్నది. నిజమే, అరవైలో నాలుగు కథలకు వాట్సన్ కథకుడు కాడు. ‘హిజ్ లాస్ట్ బో’, ‘ది మాజరిన్ స్టోన్’ మూడో మనిషి చెప్పినట్టు నడుస్తాయి. ‘ది బ్లాంచ్‌డ్ సోల్జర్’, ‘ది లయన్స్ మేన్’ హోమ్స్ స్వయంగా రాసినవి. ఈ నాలుగూ నా ప్రతిపక్షానికి సాక్ష్యాలన్నారు. అవి నా సాక్ష్యాలు. 1921 నాటి ‘మాజరిన్ స్టోన్’ ఒక నాటకం నుంచి కథగా మారింది. హోమ్స్ కథల్లో ఇంత పేలవమైనది మరొకటి లేదని చాలామంది విమర్శకుల అభిప్రాయం, నాదీ అదే. ‘బ్లాంచ్‌డ్ సోల్జర్’లో హోమ్స్ కలం పట్టి, ఇక్కడే వాట్సన్ లేని లోటు తెలుస్తోందని ఒప్పుకుంటాడు. అతని ప్రశ్నలూ ఆశ్చర్యాలూ లేకపోతే తన విద్య క్రమబద్ధమైన ఇంగితజ్ఞానం మాత్రమేనంటాడు. ‘ది కాపర్ బీచెస్’లో పాఠాలుగా ఉండాల్సినవాటిని వాట్సన్ కథలుగా దించేశాడని విసుక్కున్న మనిషే ఇతను. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. డాయిల్ స్వయంగా ప్రయోగం చేసి, ఫలితాన్ని హోమ్స్ నోటితోనే చెప్పించాడు. ఇంతకంటే రుజువు ఎక్కడ దొరుకుతుంది?

రోనాల్డ్ నాక్స్ 1911లో ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన వ్యాసంలో వాట్సన్‌ను గ్రీకు నాటకంలోని కోరస్‌తో పోల్చాడు. దాన్ని సరదా వ్యాసమని పక్కన పెట్టేస్తారు. ఆ ఒక్క పోలికలో మాత్రం సరదా లేదు. జరిగినదాన్ని మనిషి ఎత్తులో నిలబడి చూసి, భయపడి, బాధపడి చెప్పేవాళ్ళు లేకపోతే మిగిలేది సామర్థ్య ప్రదర్శనే. ‘షెర్లాక్’ అటువైపే నడిచింది. 1903లో ‘ది ఎంప్టీ హౌస్’లో చనిపోయాడనుకున్న హోమ్స్ తిరిగొచ్చి, జలపాతం దగ్గర ఎలా బతికాడో మూర్ఛపోయి లేచిన వాట్సన్‌కు చెబుతాడు. 2014 నాటి ‘ది ఎంప్టీ హర్స్’లో ఒకదాని తర్వాత ఒకటిగా రకరకాల వివరణలు వచ్చాయి, ఏది నిజమో తేల్చకుండా వదిలేశారు. ఎలా జరిగిందో వినే హక్కు ఉన్న మనిషి వాట్సన్ అని ఆ కథనం మరిచిపోయింది. అతనికి బ్లాగు ఉంది కదా అనొచ్చు. మనం చూస్తున్నది ఆ బ్లాగులోంచి రాలేదు. అది అతని చేతిలో ఉన్న మరో వస్తువు, అంతే.

మన ఇళ్ళలో దూరదర్శన్ ఒక్కటే ఉన్న కాలం నుంచి వచ్చినవాళ్ళకు 1993లో బాసు చటర్జీ తీసిన ‘బ్యోమకేశ్ బక్షీ’ గుర్తుంటుంది. శరదిందు బందోపాధ్యాయ కథల్లో అజిత్ కథ చెప్పే రచయిత. తెర మీద కె.కె. రైనా అజిత్‌గా గదిలో ఊరికే కూర్చుని వింటుంటే, రజిత్ కపూర్ బ్యోమకేశ్ చెప్పేది మనమూ ఆ ఎత్తునుంచే విన్నాం. డబ్బు తక్కువైనా ఆ చోటు చెడలేదు.

ఇదంతా నన్ను ప్రస్తుతం చేస్తున్న పనిలోకి దించింది. కొమ్మూరి సాంబశివరావు తన డిటెక్టివ్ యుగంధర్ పక్కన సహాయకుడిగా రాజును నిలబెట్టాడు. రాజు చూస్తాడు, తిరుగుతాడు, దెబ్బలు తింటాడు. కథ చెప్పే పని అతనికి ఎంతవరకు దక్కింది? మన అపరాధ పరిశోధన నవలల్లో సహాయకుడికి కలం ఎందుకు అందలేదు, అందిన చోట ఏం జరిగింది? పుస్తకం పుస్తకానికీ పట్టిక వేస్తున్నాను. కథ ఎవరు చెబుతున్నారు, మొదటి ఆనవాలు ఏ పేజీలో కనిపించింది, దాని అర్థం ఏ పేజీలో తెలిసింది, ఆ రెంటి మధ్యా ఎన్ని పేజీల ఎడం ఉంది. అపరాధ పరిశోధనను చిక్కుగానే చూసిన మన విమర్శ ఈ లెక్క ఎన్నడూ వెయ్యలేదు. గ్రంథాలయాలు ఆ పుస్తకాలను సాహిత్యమనుకోలేదు, దాచలేదు. దొరుకుతున్నవి పాత పుస్తకాల దుకాణాల్లో, అద్దె లైబ్రరీలు మూతపడ్డాక ఎవరింటి అటక మీదో.

మీ ఇళ్ళలో అలాంటివి ఉంటే నాకు చూపించండి, జాగ్రత్తగా చదివి తిరిగి ఇస్తాను. అట్ట లేకపోయినా, మొదటి పేజీలూ చివరి పేజీలూ చిరిగిపోయినా పరవాలేదు. ఆనవాలుకూ అర్థానికీ నడుమ ఉన్న పేజీలు నాకు చాలు.