మన పార్వతీపురం దగ్గర రాలిన చుక్క

 

2024 అక్టోబరులో, దసరా సెలవులయ్యి పిల్లలు హాస్టల్‌కి తిరిగొచ్చిన వారంలోనే పడమటి ఆకాశంలో తోకచుక్క పొడిచింది. సుచిన్షాన్-అట్లాస్ అని దాని పేరు. మబ్బులు అడ్డంపడి రెండు సాయంత్రాలు ఏమీ కనబడలేదు. మూడో సాయంత్రం మేడ మీదకెక్కి చూశాం. సన్నగా, పొగచారలా ఉంది. పిల్లల కేకలు చెప్పనక్కర్లేదు. మర్నాడే ఒక తల్లి ఫోను చేశారు. "తోకచుక్క కనబడితే కీడంట మేడమ్, మా పాపను ఇంటికి పంపించెయ్యండి" అన్నారు. మేము ఎంత చెప్పినా ఆమె భయం తగ్గలేదు. పదో తరగతి పిల్ల. తొమ్మిది రోజులు బడి పోయింది. ఈ సభలో ఏదైనా మాట్లాడమని అడిగినప్పుడు మాకు ఆ తొమ్మిది రోజులే గుర్తొచ్చాయి.

తోకచుక్క అంటే మంచూ దుమ్మూ కలిసిన పెద్ద ముద్ద. సూర్యుడి దగ్గరకొచ్చేసరికి వేడికి మంచు ఆవిరై, దుమ్మును కూడా లేపుకుపోతుంది. తోక అంటే అదే. తోక ఎప్పుడూ వెనకాలే ఉంటుందనుకుంటాం కదా, కాదు. అది సూర్యుడికి ఎదురుదిక్కుకే చాచుకుంటుంది. అందుకే తిరుగుప్రయాణంలో తోకే ముందు నడుస్తుంది! 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు కూడా జనం ఇలాగే భయపడ్డారు. ఆ ఏడాదే మన విజయనగరం గురజాడ అప్పారావు గారు 'ముత్యాల సరములు' రాసి, ఆ చుక్కను కీడుగా కాక చుట్టంగా చూశారు. హేలీ మళ్ళీ 2061లో వస్తుంది. మీరంతా చూస్తారు. మా సంగతి అనుమానమే.

ఇక అసలు చెప్పాలనుకున్నది. అంగారకుడికీ గురుడికీ మధ్య లక్షల కొద్దీ గ్రహశకలాలు తిరుగుతున్నాయి. అన్నిటిలో పెద్దది సీరిస్, అడ్డం సుమారు 940 కిలోమీటర్లు. అన్నీ కలిపి ముద్ద చేసినా మన చందమామ అంత బరువు తూగవు. ఇదంతా మీ పుస్తకాల్లో ఉంటుంది. పుస్తకాల్లో లేనిది ఒకటుంది. అలాంటి శకలం ముక్క ఒకటి మన పార్వతీపురం దగ్గరే పడింది.

1870 జనవరి 23, ఆదివారం. సంక్రాంతి వెళ్ళి ఎన్నో రోజులు కాలేదు. పొద్దుగూకాక ఆకాశం నుంచి నాలుగున్నర కిలోల ఇనుపముద్ద రాలింది. ఉల్కకు అది దొరికిన చోటి పేరే పెట్టడం ఆనవాయితీ. దీనికి నెడగొల్ల అని పెట్టారు. ప్రపంచంలో ఉల్కల జాబితా ఎక్కడ తీసినా ఆ పేరుంటుంది. అప్పుడది విశాఖపట్నం జిల్లా. తర్వాత మన ప్రాంతం శ్రీకాకుళంలోకి, 1979లో విజయనగరంలోకి, 2022లో పార్వతీపురం మన్యంలోకి వచ్చింది. మన జిల్లా పేరు ఇన్నిసార్లు మారింది గానీ ఉల్క పేరు మాత్రం మారలేదు.

రాలే ఉల్కల్లో ఎక్కువ రాళ్ళే. ఇనుపవి తక్కువ. పడుతుండగా చూసి, వెతికి తెచ్చుకున్న ఇనుప ఉల్కలు ప్రపంచమంతా కలిపి యాభై దాకా ఉంటాయేమో. మనది అందులో ఒకటి. ఆ ఇనుము ఎక్కడిదంటే, సుమారు 450 కోట్ల ఏళ్ళ కిందట చిన్న చిన్న గ్రహాల్లాంటివి లోపల కరిగిపోయాయి. బియ్యం గాలిస్తే రాళ్ళు అడుక్కి దిగినట్టు, బరువైన ఇనుమూ నికెలూ వాటి నడిమధ్యకు దిగాయి. తర్వాత ఒకదానికొకటి గుద్దుకుని పగిలాయి. ఆ కడుపులో ముక్కలే ఇవి. శాస్త్రజ్ఞులు ఇనుప ఉల్కల్ని వాటిలోని లోహాలను బట్టి గుంపులుగా విడదీశారు. నెడగొల్ల ఉల్క ఏ గుంపులోనూ ఇమడలేదు. "ఏ గుంపుకీ చెందనిది" అనే రాసి పెట్టారు. కులం సర్టిఫికెట్టు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనకు ఆ మాట వింటే నవ్వొస్తుంది.

ఇంకొక్క మాట. మన ఏజెన్సీ ఊళ్ళలో 'రైస్ పుల్లింగ్' పేరుతో తిరిగేవాళ్ళున్నారు. ఆకాశం నుంచి పడిన లోహమట, బియ్యాన్ని లాగుతుందట, కోట్లు పలుకుతుందట. ముందు పరీక్షలకని మీ దగ్గరే డబ్బు అడుగుతారు. ఇనుప ఉల్కకు అయస్కాంతం అంటుకుంటుంది, అంతే. మన కత్తికీ అంటుకుంటుంది. బియ్యం దేనికీ అంటుకోవు. భూమి తాకట్టు పెట్టి అలాంటివాళ్ళకు డబ్బు కట్టిన ఇల్లు మాకు తెలుసు. మీ నాన్నలకు, మావయ్యలకు ఈ మాట మీరే చెప్పాలి. మేము చెబితే "మేడమ్ గారికేం తెలుసు" అంటారు.

తొమ్మిది రోజుల తర్వాత ఆ పిల్ల తిరిగొచ్చింది. స్టడీ అవర్‌లో నెడగొల్ల సంగతి చెబుతుంటే, "ఆ ముద్దను మొదట ముట్టుకున్నది ఎవరు మేడమ్?" అని అడిగింది. ఆ ప్రశ్న మీకే అప్పజెబుతున్నాం. మీ ఊళ్ళలో ముసలమ్మల్ని, ముసలాళ్ళని కూర్చోబెట్టి అడగండి. చుక్క రాలిన కథలు, నిప్పుముద్ద పడిన కథలు ఏవున్నా, సవర మాటలో చెబితే సవరలోనే ఫోన్లో రికార్డు చెయ్యండి. చెప్పినవాళ్ళ పేరు, ఊరి పేరు తప్పకుండా రాయండి.

డిసెంబరు 13 రాత్రి ఖాళీ ఉంచుకోండి. ఫేథాన్ అనే గ్రహశకలం వదిలిన దుమ్ములోంచి ఏటా ఆ రోజుల్లోనే భూమి వెళ్తుంది. చంద్రుడు లేకపోతే చుక్కలు గంటకు పదుల్లో రాలుతాయి. దుర్భిణి అక్కర్లేదు, దీపాలార్పి వెల్లకిలా పడుకుంటే చాలు. విశాఖలో అంత చీకటి దొరకదు, మన కొండల్లో దొరుకుతుంది. దుప్పటి మాత్రం రెండు తెచ్చుకోండి. ఆ నెల చలి సంగతి మీకు మేము చెప్పాలా!