భద్రాచలం నుంచి కౌలాలంపూర్ దాకా

ఆదివారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్ సందుల్లోనో, ఎల్బీనగర్ కాలనీ ఖాళీ జాగాల్లోనో చూడండి. ఇటుకలు పేర్చి వికెట్లు, టెన్నిస్ బంతి, పదిమంది మగపిల్లలు. గేటు దగ్గర నిలబడి చూసే చెల్లెలికి దక్కేది బంతి ఏరే పనే!

క్రికెటర్ గొంగడి త్రిష కథ అలా మొదలవలేదు. పుట్టింది 2005లో, భద్రాచలంలో. పసితనంలోనే తండ్రి ఆమె చేతికి ప్లాస్టిక్ బ్యాటిచ్చాడు. కూతురి ఆట కోసం తన జిమ్ అమ్ముకుని హైదరాబాద్ చేరాడు. ఎంతమంది తండ్రులకుంటుంది ఆ తెగువ?

ఆల్‌రౌండరంటే రెండు చేతులా సంపాదన. త్రిష ఓపెనర్‌గా దిగుతుంది, లెగ్ స్పిన్ వేస్తుంది. 2025 అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్‌లో స్కాట్లాండ్‌పై 59 బంతుల్లో 110 నాటౌట్; ఆ టోర్నీ చరిత్రలో తొలి సెంచరీ అదే. అదే మ్యాచ్‌లో ఆరు పరుగులకే మూడు వికెట్లు.

ఫిబ్రవరి 2న కౌలాలంపూర్‌లో దక్షిణాఫ్రికాతో భారత్ ఫైనల్. త్రిష 15 పరుగులిచ్చి మూడు వికెట్లు తీసింది. దక్షిణాఫ్రికా 82కే కుప్పకూలింది. తర్వాత ప్యాడ్లు కట్టుకుని, 44 పరుగులతో చివరిదాకా నిలబడింది. టోర్నీ మొత్తమ్మీద 309 పరుగులు, ఏడు వికెట్లు. ఉత్తమ క్రీడాకారిణి ఇంకెవరవుతారు?

ఎల్బీనగర్ నుంచి ఉప్పల్ స్టేడియం ఎంతో దూరం లేదు. ఈ ఆదివారం గేటు దగ్గర నిలబడ్డ ఆ చెల్లెలికి ఒక ఓవర్ ఇచ్చి చూడండి. బ్యాటింగ్ కూడా ఇవ్వాలి సుమా!