కప్పు మనది, పలక ఎవరిది?

(నూజివీడు మామిడి తోటల మధ్య ఒక దళితవాడలో జరిగిన సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం.)



పొద్దంతా తోటల్లో చిక్కం పట్టి కాయ కోసి, బుట్టలు మోసి వచ్చారు. ఇంట్లో పొయ్యి వెలిగించకుండానే కొందరు అక్కలు ఇక్కడికొచ్చి కూర్చున్నారు. అందుకని హంగులు లేకుండా మాట్లాడతాం. ఈ రాత్రి మాట కరెంటు గురించి. ఎండలోంచి తీసే కరెంటు గురించి.

"దళిత సంఘమోళ్ళకి సోలారుతో ఏం పని?" అని దారిలోనే ఒకాయన అడిగాడు. పని ఉంది. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు తాగింది దాహమై కాదు. ఊరుమ్మడి సొత్తులో మనకీ హక్కుందని చాటడానికి. 1985లో కారంచేడులో మన బిడ్డల నెత్తురు పారడానికి ముందు జరిగిన తగువు కూడా మంచినీళ్ళ చెరువు దగ్గరే. నీళ్ళు ఎవరివి అన్న ప్రశ్న అప్పటిది. వెలుగు ఎవరిది అన్న ప్రశ్న ఇప్పటిది. రెండూ ఒకటే ప్రశ్న.

ఇంకో సంగతి మన పిల్లలకి కూడా సరిగా తెలీదు. అంబేడ్కర్ అంటే రాజ్యాంగం ఒక్కటే కాదు. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. కరెంటు, నీటి పథకాలు ఆ శాఖ కిందే ఉండేవి. 1943 అక్టోబరులో కరెంటు మీద వేసిన విధాన కమిటీకి అధ్యక్షుడిగా మాట్లాడుతూ ఆయన లేవనెత్తిన ప్రశ్న ఏంటి? కరెంటు ఎవరి చేతిలో ఉండాలి, ప్రభుత్వం చేతిలోనా ప్రైవేటు చేతిలోనా అని. పేదరికం పోవాలంటే కరెంటు చవగ్గా, కావలసినంత దొరకాలి అన్నది ఆయన వాదన. దేశానికి స్వాతంత్ర్యం రాకముందే ఆయన అడిగిన ప్రశ్నని మనం ఈ వాడలో అడుగుతున్నాం. అంతే.

ఇప్పుడు ఏం వస్తోంది?

2024లో కేంద్రం పిఎం సూర్యఘర్ అని పథకం పెట్టింది. 75,021 కోట్ల రూపాయలు, కోటి ఇళ్ళు అన్నారు. కప్పు మీద ఒక కిలోవాట్ పెట్టుకుంటే 30 వేలు, రెండు పెట్టుకుంటే 60 వేలు, మూడు ఆపైన అయితే 78 వేలు సబ్సిడీ. మన రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకి రెండు కిలోవాట్లు ఉచితంగా పెడతామని ప్రకటించింది.

మంచిదే. మేం కాదనడం లేదు. వచ్చేదాన్ని కాలితో తన్నే స్థితిలో మనం లేం. కానీ మూడు ప్రశ్నలు అడక్కుండా సంతకం పెట్టొద్దు.

మొదటి ప్రశ్న: పలక పెట్టడానికి కప్పు ఏది? ఒక కిలోవాట్‌కి సుమారు వంద చదరపు అడుగుల గట్టి కప్పు కావాలి, నీడ పడకూడదు. మన వాడలో ఎన్ని శ్లాబులు గట్టిగా ఉన్నాయి? పాత కాలనీ ఇళ్ళ శ్లాబులు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటికొచ్చాయి. మిగతావి సిమెంటు రేకులు. ఒక మీటరు మీద ముగ్గురు అన్నదమ్ముల కుటుంబాలు బతుకుతున్నాయి. మీటరు చచ్చిపోయిన తాత పేరు మీద ఉంటుంది. 2022లో మనల్ని కృష్ణా జిల్లాలోంచి తీసి ఏలూరు జిల్లాలో కలిపారు. జిల్లా మారింది గానీ మీటరు మీద తాత పేరు మారలేదు. కాగితం ఉన్నోడికే పథకం అంటే, కాగితం లేనోడు మళ్ళీ చివరే.

రెండో ప్రశ్న: ఆ పలక ఎవరిది? కరెంటు సంస్థలే ముందుండి ఇళ్ళ మీద పెట్టే పద్ధతిలో, కనీసం ఐదేళ్ళ పాటు ఆ పలకలు ఇంటివాళ్ళవి కావు. ఆ తర్వాతే ఇంటివాళ్ళకి అప్పజెప్తారు. ఆ ఐదేళ్ళలో చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? ఆరో ఏడు ఇన్వర్టర్ పోతే ఎవడిని అడగాలి? అది కాగితం మీద ఉందా?

మూడో ప్రశ్న అన్నిటికంటే పెద్దది: మిగిలిన కరెంటు సొమ్ము ఎవరికి పోతుంది? లెక్క చూద్దాం. రెండు కిలోవాట్లు రోజుకి ఎనిమిది యూనిట్లు ఇస్తాయి అనుకోండి. నెలకి 240. మన ఇంట్లో రెండు ఫాన్లు, నాలుగు బల్బులు, ఒక టీవీ. వంద యూనిట్లు దాటదు. అంటే ఇంటికి 140 యూనిట్లు లైన్లోకి పోతాయి. వంద ఇళ్ళ వాడ అయితే నెలకి 14,000 యూనిట్లు. యూనిట్‌కి రెండు రూపాయలే కట్టినా నెలకి 28 వేలు, ఏడాదికి 3 లక్షల 36 వేలు. ఈ సొమ్ము వాడకి వస్తుందా, ఇంకెక్కడికైనా పోతుందా?

పూత మీద గుత్త

మామిడి దేశంలో పుట్టినోళ్ళం, గుత్త అంటే ఏంటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. చెట్టు పూత మీద ఉండగానే షావుకారు వస్తాడు. చేతిలో కొంత డబ్బు పెడతాడు. అప్పుల్లో ఉన్న చిన్న రైతు ఒప్పుకుంటాడు. బంగినపల్లి గానీ రసాలు గానీ విరగకాస్తే లాభం నున్న మార్కెట్ దాకా పోయి షావుకారు జేబులో పడుతుంది. కాపలా మనది, కోత మనది, మోత మనది. రాలిన కాయ ఏరుకుని ఒరుగులు ఎండబెట్టుకోవడం మన ఆడోళ్ళ భాగం.

మన కప్పుల్ని పూత మీద గుత్తకి ఇవ్వొద్దు అని చెప్పడానికే వచ్చాం.

భూముల సంగతీ ఇంతే. 2019లో పిఎం కుసుం వచ్చింది. దాంట్లో ఒక భాగం కింద సబ్‌స్టేషన్‌కి ఐదు కిలోమీటర్ల లోపు భూముల్లో అర మెగావాట్ నుంచి రెండు మెగావాట్ల దాకా ప్లాంటు కట్టొచ్చు. రైతులు, రైతు సంఘాలు, సహకార సంఘాలు, పంచాయతీలు ఎవరైనా కట్టొచ్చు. వినడానికి బాగుంది. కానీ మెగావాట్‌కి నాలుగు కోట్లు అటూ ఇటూ అవుతుంది. అర మెగావాట్‌కి రెండు కోట్లు. బ్యాంకు నూటికి డెబ్బై ఇచ్చినా సొంతంగా అరవై లక్షలు తేవాలి. తేలేనోడు ఏం చేయాలి? భూమిని డెవలపర్‌కి లీజుకి ఇచ్చుకోవచ్చు అని ఆ పథకంలోనే రాశారు. అంటే డబ్బున్నోడు యజమాని. లేనోడు గుత్త ఇచ్చేవాడు. భూమి కూడా లేనోడి పేరు ఆ కాగితంలోనే లేదు.

తెలుగు మాట్లాడే ఊళ్ళున్న పావగడని చూడండి. కర్ణాటకలో, అనంతపురం సరిహద్దున ఉంది. 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు. భూములున్న రైతులకి ఎకరానికి ఏడాదికి 21 వేలతో మొదలుపెట్టి, రెండేళ్ళకోసారి 5 శాతం పెంచేట్టు కౌలు రాశారు. వాళ్ళకి ఎంతో కొంత నయమే. ఆ పొలాల్లో కూలి చేసుకున్న భూమిలేని మనోళ్ళకి? పని పోయింది. కౌలు రాలేదు.

మనకున్న సెంటు, ఎకరం అసైన్డ్ భూములే. 1977 చట్టం ప్రకారం వాటిని అమ్మకూడదు. 2023లో సవరించి ఇరవై ఏళ్ళు దాటితే అమ్ముకోవచ్చన్నారు. బ్రోకర్లు వాడల చుట్టూ తిరిగారు. 2024లో ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టాల్సి వచ్చింది. రేపు "సోలారుకి లీజు" అని ఇంకో రకం బ్రోకరు వస్తాడు. ఇరవై ఐదేళ్ళ లీజు అంటే మీ మనవడి పెళ్ళి దాకా. చదివించుకోకుండా వేలిముద్ర వేయొద్దు.

అయితే దారి లేదా?

ఉంది. గుజరాత్‌లో ఖేడా జిల్లా ధుండి అనే ఊళ్ళో 2016లో ఆరుగురు రైతులు సోలార్ మోటార్ల సహకార సంఘం పెట్టుకున్నారు. మిగిలిన కరెంటుని యూనిట్ 4 రూపాయల 63 పైసల లెక్కన 25 ఏళ్ళకి కరెంటు కంపెనీకి అమ్మే ఒప్పందం చేసుకున్నారు. ఎండని పంటలాగా అమ్ముకున్నారు. కానీ వాళ్ళకి పొలం ఉంది, బోరు ఉంది. ఇక్కడ కూడా బోరున్నోళ్ళకి 2004 నుంచి ఉచిత కరెంటు అందుతోంది. మనం అడిగేది బోరు లేనోళ్ళ సంఘం.

చెడిపోయినదాన్నీ చూడాలి. బీహార్‌లో జహానాబాద్ జిల్లా ధర్నాయి ఊరికి 2014లో ఒక స్వచ్ఛంద సంస్థ ముందుండి వంద కిలోవాట్ల సోలార్ పెట్టించింది. దేశమంతా పేరొచ్చింది. తర్వాత ప్రభుత్వ లైన్ వచ్చింది, బ్యాటరీలు పాడయ్యాయి, మార్చే డబ్బు లేదు, కొన్నేళ్ళకి ఆ ప్లాంటు మూలపడింది. మన వాడలోనే ఉంది కదా సాక్ష్యం: సోలార్ వీధి దీపం. ప్రారంభించిన రోజు దండలు, ఫొటోలు. బ్యాటరీ పోయాక ఇప్పుడు దాని స్తంభానికి గేదెని కట్టేస్తున్నాం. ఇచ్చిపోయే సాయం ఇంతే. నిలబెట్టుకునే సాయం వేరే.

అమెరికాలో సొంత కప్పు లేని పేదోళ్ళు వేరేచోట కట్టిన ప్లాంటులో వాటా తీసుకుంటే, ఆ వాటా మేరకు వాళ్ళ బిల్లు తగ్గే పద్ధతి ఉంది. 2022 చట్టం కింద పేదల సోలారుకి 700 కోట్ల డాలర్లు పెట్టారు, 2024లో పంచారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం 2025 ఆగస్టులో రద్దు చేసింది. అంత పెద్ద దేశంలోనే పేదోడి సొమ్ము ముందు తెగుతుంది. కాబట్టి దయ మీద కాదు, హక్కు మీద నిలబడాలి.

మన హక్కు ఏది? సబ్‌ప్లాన్. 2013లో పోరాడి చట్టం తెచ్చుకున్నాం. 2023 జనవరిలో ఇంకో పదేళ్ళు పొడిగించారు. జనాభా లెక్కన మనకి రావలసిన సొమ్ము అది. మన ఇళ్ళకి నెలకి 200 యూనిట్ల దాకా ఉచితమని 2019లో చెప్పారు. ఆ బిల్లుల సొమ్ము మన పద్దులోంచే కరెంటు సంస్థలకి పోతుంది. ఏటేటా కట్టడమే, మనకి మిగిలే ఆస్తి లేదు. అదే సొమ్ములో కొంత వాడ పేరు మీద ప్లాంటుకి పెట్టుబడిగా పెడితే పాతికేళ్ళు కరెంటు, ఆస్తీ రెండూ మనవే అవుతాయి.

అందుకని మన డిమాండ్లు ఇవి:

ఒకటి. సొంత పెట్టుబడి వాటా, అంటే ఆ అరవై లక్షలు, దళిత సంఘాలకి సబ్‌ప్లాన్ నుంచి ఇవ్వాలి. అప్పుగా కాదు, మూలధనంగా.

రెండు. మిగతా అప్పుకి షూరిటీ అడక్కూడదు. వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద రెండు కోట్ల దాకా అప్పుకి ఏడేళ్ళు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. 2024లో కుసుం ప్లాంట్లని కూడా దాంట్లో కలిపారు. అది రైతుల పేరుతో మన గడప దాటి పోకూడదు. మేం ఒక బ్యాంకుకి పోయి అడిగితే మేనేజరు "మీ ఊళ్ళో పెద్దరైతు ఎవరైనా సంతకం పెడతారా?" అన్నాడు. ఎవరి పెత్తనం తప్పించుకోవాలని పోయామో వాళ్ళ సంతకమే కావాలట!

మూడు. ప్లాంటు కట్టకముందు అయ్యే ఖర్చు ఇవ్వాలి. సర్వే, ప్రాజెక్టు రిపోర్టు, ధరావతు, బ్యాంకు గ్యారంటీ, ఆఫీసుల చుట్టూ తిరుగుడు. పెద్ద కంపెనీకి దీనికి మనుషులుంటారు. మనకి ఒకరోజు తిరిగితే ఒకరోజు కూలి పోతుంది. చాలా సంఘాలు ఇక్కడే చస్తాయి.

నాలుగు. కప్పు లేని ఇళ్ళకి బడి మీదో, హాస్టల్ మీదో, వాడ బంజరులోనో ఉమ్మడి ప్లాంటు కట్టి, వాటా మేరకు ప్రతి మీటరుకీ యూనిట్లు జమ చేయాలి. సూర్యఘర్ నిబంధనల్లో దీనికి చోటుంది. ఆచరణలో పెట్టమని అడగాలి.

ఐదు. మన పిల్లలకి పని నేర్పాలి. రాజస్థాన్‌లో డుంగర్‌పూర్ ఆదివాసీ ఆడవాళ్ళు సోలార్ పలకలు తయారుచేసే కంపెనీకే వాటాదారులయ్యారు. ఐటిఐ చదివి తోటలో మందు కొడుతున్న మన కుర్రాడు ఇన్వర్టర్ బాగుచేయలేడా?

ఇంట్లో మాట

ఊరోళ్ళని తిట్టి ఊరుకుంటే చాలదు. మన పేరు మీద లారీలు, బంకులు తీసుకుని పెత్తందార్లు నడుపుకున్న సంగతి తెలుసు. సంతకం పెట్టింది ఎవరు? మనోళ్ళే. రేపు సోలార్ సంఘంలోనూ బినామీ దూరతాడు. వాణ్ణి ఆపాలంటే లెక్కలు నెలనెలా ఈ రచ్చబండ మీద చదవాలి. మాలపల్లె, మాదిగగూడెం రెండూ ఒకే సంఘంలో ఉండాలి, కమిటీలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. వచ్చిన ఆదాయంలో కొంత ముందే పక్కనపెట్టాలి, బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ. ధర్నాయి పాఠం అది.

1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద పది కుటుంబాల నుంచి పది మంది ఉంటే సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు. పది మంది ఈ చాప మీదే ఉన్నారు.

రేపటి నుంచి చేయాల్సింది చెప్తాం. చదువుకున్న పిల్లలు ఇంటింటికీ తిరిగి రాయండి: కప్పు ఏ రకం, మీటరు ఎవరి పేరు, నెలకి ఎన్ని యూనిట్లు, ఇంటి పట్టా ఉందా. చచ్చిపోయినోళ్ళ పేరున్న మీటర్లన్నీ ఒకే అర్జీలో పెట్టి పేరు మార్పించుకుందాం. ఉచిత పలకలకి సంతకం అడిగితే, ఆ మూడు ప్రశ్నలకి జవాబు రాతలో తీసుకున్నాకే పెట్టండి. గ్రామసభలో ఉమ్మడి ప్లాంటు తీర్మానం పెట్టించండి. ఒప్పుకోకపోతే ఎవరు ఒప్పుకోలేదో మినిట్స్‌లో రాయించండి.

ఎండలో ఎండిన తరాలు మనవి. ఈ దేశంలో ఎండని మనంత ఎరిగినోళ్ళు ఎవరూ లేరు. ఇన్నాళ్ళూ అది మన వీపు మీద పడి ఇంకొకడి తోట పండించింది. ఇప్పుడు మన కప్పు మీద పడి ఇంకొకడి ఖాతా నింపితే తప్పు వాడిది ఒక్కడిదే కాదు.

కప్పు మనది. పలకా మనదే కావాలి. లెక్క పుస్తకం కూడా మన చేతిలోనే ఉండాలి.

జై భీమ్!