చదువు అప్పు – జామీను సంతకము

అప్పు తీర్చలేనివానిని మన గ్రామములలో “ఐ.పి. పెట్టినా”డందురు. నిరుడు మా తమ్ముని కుమారుడు నాయొద్ద ఆ మాటయే యెత్తెను. వాని యింజనీరింగు చదువునకై బ్యాంకులో దెచ్చిన ఋణమునకు నేను జామీను సంతకము చేసితిని. చదువు ముగిసినను కొలువు దొరకలేదు. “పెదనాన్నగారూ, ఐ.పి. పెట్టినచో బాకీ పోవును గదా?” యని యడిగెను. నేను వకీలునొద్దకు బోయి విచారించితిని.

1920 సంవత్సరపు ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము నేటికిని చెల్లుచున్నది. 500 రూపాయలైనను అప్పుండి, తీర్చు శక్తి లేనివాడు కోర్టున అర్జీ యిడవచ్చును. కోర్టు వాని యాస్తిని ఋణదాతలకు బంచి, తుదకు విముక్తి నొసగవచ్చును. అయితే 44వ సెక్షను ప్రకారము ఆ విముక్తి వానికే గాని, జామీనుదారునకును ఉమ్మడిగా సంతకము చేసినవానికిని వర్తింపదు. కుఱ్ఱవాడు బయటపడును, ముసలివాడు చిక్కుకొనును.

2016 సంవత్సరపు దివాలా స్మృతి యింకను కఠినము. జరిమానా, భరణములవలెనే విద్యార్థి ఋణమును గూడ అది మినహాయింపు ఋణములలో జేర్చినది. సామాన్యులకు సంబంధించిన యా భాగ మింకను అమలునకు రాలేదు.

ఇది విని వాడు తలవంచుకొనెను. మఱునాడు మేమిరువురమును బ్యాంకునకు బోయి, వాయిదా తగ్గించి గడువు పెంచవలసినదిగా గోరితిమి, వారంగీకరించిరి. ఇప్పుడు కొంత వాడును, కొంత నా పింఛనునుండి నేనును గట్టుచున్నాము.

పెద్దలారా, సంతకము చేయవలదని నేననను; చదువు మాన్పించుట అంతకంటె నష్టము. సంతకమునకు ముందే కాగితము పూర్తిగా జదువుడు. నెలకెంత కట్టవలసివచ్చునో కుఱ్ఱవానిచేతనే లెక్క వేయింపుడు. సెలవు.